బిగింపు దగ్గర పోయే వోల్టు: కాశీబుగ్గ ఇన్వర్టర్ ప్రాజెక్టు డైరీ

మే, రెండో వారం

కాశీబుగ్గలో మాకు అన్నయ్య వరస అయ్యే ఒకాయనకు జీడిపప్పు యూనిట్ ఉంది. ఉద్దానం తోటల నుంచి వచ్చే పిక్కలను ఉడికించి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీసి, సైజుల వారీగా ఏరి డబ్బాల్లో నింపుతారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఈ ప్రాంతం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. ఆ అనుభవంతోనే ఆయన ప్యాకింగ్ గదికి సొంత కరెంటు ఏర్పాటు చేయించుకున్నారు. 5 కేవీఏ ఇన్వర్టర్, దాని వెనక వరసగా కలిపిన 16 లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, 280 ఆంపియర్ అవర్లు. మొత్తం 51.2 వోల్టులు.

ఆయన బాధ ఇది. కరెంటు పోయినప్పుడు లైట్లు, కంప్యూటర్, తూకం యంత్రం అన్నీ చక్కగా నడుస్తాయి. వ్యాక్యూమ్ ప్యాకింగ్ యంత్రం మోటారు స్టార్ట్ కాగానే గది మొత్తం ఆరిపోతుంది. బ్యాటరీలో చార్జీ మాత్రం 80 శాతం చూపిస్తూనే ఉంటుంది. ఇంతకుముందు చూసినవారు తొమ్మిదో సెల్ పాడైందని, ఒక్కటి మారిస్తే మిగతావాటితో కలవదు కాబట్టి అన్నీ మార్చుకోవడం మేలని చెప్పి వెళ్లారట.

“తమ్ముడూ, మూడేళ్లయినా కాలేదు. నిజంగానే పోయిందంటావా?” అని అడిగారు. చూడనిదే చెప్పనని అన్నాను. సెల్స్‌ను చూసుకునే బీఎంఎస్ బోర్డు తన రీడింగులను ఫోనుకు పంపుతుంది. వాటిని ముందుపెట్టుకుని కూర్చున్నాం.

లోడు లేనప్పుడు తొమ్మిదో సెల్ 3.30, పక్కవాళ్లూ 3.30. లోడు పెరిగేకొద్దీ తొమ్మిదోది మిగతావాటికంటే కిందికి దిగుతుంది. చార్జింగు మొదలైతే అదే సెల్ మిగతావాటికంటే పైకి ఎగబాకుతుంది. కరెంటు ఆగిన మరుక్షణం అన్నీ మళ్లీ సమానం. చార్జీ తగ్గిపోయిన సెల్ అయితే దిగడం తప్ప ఇలా రెండు వైపులా ఊగదు. కరెంటు దిశ మారితే తేడా దిశ కూడా మారుతోందంటే, కరెంటు దారిలో ఎక్కడో ఒక నిరోధం కూర్చుంది. అది సెల్ లోపల ఉందా, సెల్ నెత్తిన ఉందా అన్నదే ప్రశ్న. ఒక సెల్‌ను పక్క సెల్‌కు కలిపే రాగి పట్టీని లింకు అంటారు. బీఎంఎస్ కొలత తీగను ఆ లింకు మీద బిగిస్తారు. లింకుకూ సెల్ టెర్మినల్‌కూ మధ్య పోయిన వోల్టేజీ కూడా ఆ సెల్ ఖాతాలోనే పడుతుంది. బోర్డుకు ఆ తేడా తెలియదు.

సెల్స్ మార్చే ఖర్చు చిన్నది కాదు. కొలవకుండా ఆ మాట చెప్పడం నాకు బాధ కలిగించింది.

మే, మూడో వారం

మా మేనల్లుడిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఐటీఐ పూర్తి చేసి నా దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. ముందుగా వాడి చేతి కడియం, నా గడియారం తీసి పక్కన పెట్టించాను. 51 వోల్టులు మనిషికి షాక్ కొట్టడం అరుదే కానీ, ఈ సెల్స్ మీద పానా అడ్డంగా పడితే వేల ఆంపియర్లు ప్రవహిస్తాయి. పానా కరిగి అంటుకుపోతుంది. అందుకే పానాలకు పట్టుకునే చోటంతా రెండు పొరల టేపు చుట్టాం.

కొలిచే పద్ధతి తేలికే. నీళ్లు కాచే రాడ్లు రెండు బకెట్లలో వేసి ఇన్వర్టర్‌కు తగిలించాం. డీసీ వైపు 50 ఆంపియర్లు నిలకడగా వచ్చేలా చూశాం. తర్వాత మల్టీమీటర్‌ను మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక మొన సెల్ టెర్మినల్ అల్యూమినియం మీద, రెండోది దాని మీద కూర్చున్న రాగి లింకు మీద. నట్టు మీద కాదు, వాషర్ మీద కాదు. కరెంటు మోసే తీగలు వేరు, కొలిచే మొనలు వేరు కాబట్టి కొలత తీగల సొంత నిరోధం లెక్కలోకి రాదు. 50 ఆంపియర్ల దగ్గర 1 మిల్లీవోల్టు అంటే 20 మైక్రోఓములు. మామూలు మల్టీమీటర్ ఓముల్లో ఈ సంఖ్యను ఎప్పటికీ చూపించలేదు. మిల్లీవోల్టుల్లో మాత్రం ఏ మీటరైనా చూపిస్తుంది.

మేనల్లుడు మొనలు పెడుతుంటే నేను రాసుకున్నాను. 16 సెల్స్‌కు 32 బిగింపులు. చాలావరకు 4 నుంచి 22 మిల్లీవోల్టుల మధ్య ఉన్నాయి. తొమ్మిదో సెల్ పాజిటివ్ దగ్గరికి రాగానే వాడు “మావయ్యా, మీటరు సరిగ్గా ఉందా?” అన్నాడు. 150 మిల్లీవోల్టులు!

అంటే 3 మిల్లీఓములు. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ మీటరుకు సుమారు 0.55 మిల్లీఓములు ఉంటుంది. ఒక్క నట్టు కింద అయిదు మీటర్లకు పైగా కేబుల్ చుట్టిపెట్టినంత నిరోధం ఉందన్నమాట. 50 ఆంపియర్ల దగ్గర అక్కడ 7.5 వాట్లు వేడిగా పోతాయి. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు కరెంటు 150 ఆంపియర్లకు చేరితే 0.45 వోల్టు అక్కడే మాయం. 3.25 వోల్టుల సెల్, లోపలి సొంత తగ్గుదల కూడా కలిపితే బీఎంఎస్‌కు 2.75 దగ్గర కనిపిస్తుంది. బోర్డులో కత్తిరింపు హద్దు, అంటే ఏ ఒక్క సెల్ దిగినా కరెంటు ఆపేసే హద్దు, 2.8 అని పెట్టి ఉంది. హద్దు దాటింది కాబట్టి అది తన పని తాను చేసింది. సెల్‌లో ఏ లోపమూ లేదు.

అదే సమయంలో సెల్ రెండు టెర్మినళ్ల అల్యూమినియం మీద నేరుగా మొనలు పెట్టి చూశాం. పక్క సెల్స్‌తో సమానం. ఈ మాట చెప్పగానే అన్నయ్య ముఖంలో వచ్చిన వెలుగు చూసి నాకూ సంతోషం కలిగింది.

ఒక విషయం ఇక్కడే రాసిపెట్టుకోవాలి. ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్ ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి కరెంటును నిలకడగా లాగదు. బయటికి వెళ్లేది 50 హెర్ట్‌జ్ ఏసీ కాబట్టి బ్యాటరీ వైపు కరెంటు సెకనుకు 100 సార్లు లేచి పడుతుంది. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు డీసీలో చూపేది సగటు మాత్రమే. వేడి పుట్టేది కరెంటు వర్గాన్ని బట్టి. ఆ అలను లోపలి కెపాసిటర్లు ఏమీ తగ్గించకపోతే, సగటుతో కట్టిన లెక్క కంటే బిగింపు దగ్గర వేడి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. కాబట్టి నేను రాసిన 7.5 వాట్లను కనిష్ఠంగా తీసుకోవాలి, పైహద్దు 11 దాకా.

మే, చివరి వారం

బ్యాటరీ విప్పాం. ముందు బీఎంఎస్ కొలత తీగలు తీసి, ఇన్వర్టర్ వైపు బ్రేకర్ ఆపి, ఆ తర్వాతే లింకులు.

తొమ్మిదో సెల్ దగ్గర కారణం కనిపించింది. అల్యూమినియం టెర్మినల్‌కూ లింకుకూ మధ్య ఒక స్టెయిన్‌లెస్ వాషర్. ఎత్తు సరిపోలేదని కింద వేసినట్టుంది. కరెంటు దారి ఇప్పుడు టెర్మినల్ నుంచి వాషర్‌కు, వాషర్ నుంచి లింకుకు.

“స్టెయిన్‌లెస్‌లో కరెంటు సరిగా పారదు, అందుకే” అని చాలామంది అంటారు. అది సగం మాట. లెక్క కట్టి చూశాను. స్టెయిన్‌లెస్ నిరోధకత రాగికి సుమారు 40 రెట్లు, నిజమే. కానీ ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, 80 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యం ఉన్న ఆ వాషర్ ఒంటి నిరోధం 13 మైక్రోఓములే. మాకు దొరికింది 3000. మిగిలినదంతా ఉన్నది వాషర్ రెండు ముఖాల దగ్గర. స్టెయిన్‌లెస్ గట్టి లోహం, దాని మీద తుప్పు పట్టనివ్వని క్రోమియం ఆక్సైడు పొర ఉంటుంది. అల్యూమినియం మీద దాని సొంత ఆక్సైడు పొర. రెండు పొరలు ఒకదానికొకటి ఎదురుపడ్డాయి, పైగా ఒక బిగింపుకు బదులు రెండు బిగింపులు అయ్యాయి. పదార్థం ఎంత కరెంటు మోస్తుందన్నదానికంటే ముఖం ముఖం ఎలా కలుస్తున్నాయన్నదే ఇక్కడ అసలు సంగతి. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను మేనల్లుడికి పదేపదే చెప్పింది అదే.

రెండు లోహపు ముఖాలు కంటికి ఎంత చదునుగా కనిపించినా, నిజానికి ఎత్తుపల్లాలే. ఆనించినప్పుడు తాకేది శిఖరాలు మాత్రమే. కరెంటు అంతా ఆ కొద్దిపాటి చుక్కల్లోకి ఇరుక్కుని దాటాలి. స్వీడన్‌లో పుట్టి జర్మనీలో పనిచేసిన రాగ్నర్ హోల్మ్ ఈ విషయాన్ని జీవితమంతా చదివాడు. విద్యుత్ స్పర్శల మీద ఇంజనీర్లు జరుపుకునే అంతర్జాతీయ సదస్సు నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆయన చూపించిన లెక్క ప్రకారం నిజంగా తాకే వైశాల్యాన్ని నిర్ణయించేవి రెండే: ఎంత బలంతో నొక్కుతున్నాం, మెత్తటి లోహం ఎంత మెత్తన. కంటికి కనిపించే వైశాల్యం అందులో లేదు. నొక్కిన బలాన్ని లోహపు కాఠిన్యంతో భాగిస్తే నిజంగా తాకే వైశాల్యం వస్తుంది.

మా బిగింపుకు వేసి చూశాను. టెర్మినల్ మీద నిలిచి ఉండే 6 మిల్లీమీటర్ల స్టడ్ (మరలున్న కడ్డీ) మీద 5 న్యూటన్ మీటర్ల టార్క్ (నట్టును తిప్పే బలం) ఇస్తే, మరల దగ్గర మామూలు రాపిడితో, నొక్కే బలం 4200 న్యూటన్ల దాకా వస్తుంది. 400 కిలోలకు పైబడిన బరువు పెట్టినట్టు. అల్యూమినియం కాఠిన్యం చదరపు మిల్లీమీటరుకు 400 న్యూటన్లు అనుకుంటే నిజంగా తాకేది 10 చదరపు మిల్లీమీటర్లు. కనిపించే టెర్మినల్ ముఖం 300 చదరపు మిల్లీమీటర్ల దాకా ఉంది. నూటికి మూడు పాళ్లు. అందులోనూ ఆక్సైడు చీలిన చోట మాత్రమే కరెంటు దాటుతుంది.

జూన్, మొదటి వారం

వానలు రాకముందే పూర్తి చేయాలని ఉంది. అయితే సెల్ టెర్మినళ్ల మీద ప్రయోగాలు చేయడం నాకు ఇష్టం లేదు. అందుకని శ్రీకాకుళంలో నా షెడ్డులోనే అల్యూమినియం పట్టీ ముక్కలు, తగరం పూత ఉన్న రాగి లింకులు, 6 మిల్లీమీటర్ల బోల్టులు తీసుకుని కూర్చున్నాం. బెంచి సప్లై నుంచి 10 ఆంపియర్లు పంపి, కరెంటును తిప్పి మళ్లీ పంపి, రెండు కొలతల సగటు తీసుకున్నాం. ఇంత చిన్న వోల్టేజీల దగ్గర వేర్వేరు లోహాలు వేర్వేరు వేడిలో ఉంటే వాటంతట అవే కొన్ని మైక్రోవోల్టులు పుట్టిస్తాయి. కరెంటు తిప్పితే ఆ అదనం రద్దయిపోతుంది.

శుభ్రం చేసి గ్రీజు రాసిన ముక్కల మీద టార్క్ రెంచితో మెట్టు మెట్టుగా బిగించాం. 1 న్యూటన్ మీటరు దగ్గర 92 మైక్రోఓములు. 2 దగ్గర 64. 4 దగ్గర 47. 5 దగ్గర 41. బలం నాలుగు రెట్లయితే నిరోధం సగం అయింది. బలం వర్గమూలాన్ని బట్టి నిరోధం తగ్గుతుందన్న హోల్మ్ లెక్క మా పాత బల్ల మీద అచ్చంగా కనబడుతుంటే మేనల్లుడు కాగితం మీద గ్రాఫు గీసుకున్నాడు. ఈ గీతలో ఇంకో పాఠం ఉంది. మొదట్లో ప్రతి మలుపూ ఎంతో మేలు చేస్తుంది, తర్వాత తర్వాత తక్కువ. 5 నుంచి 8కి వెళ్తే లాభం కొంచెం, స్టడ్ విరిగే ప్రమాదం ఎక్కువ. ఈ సెల్స్ వెంట వచ్చిన కాగితంలో 6 దాటవద్దని ఉంది, మేం 5 దగ్గర ఆగుతున్నాం.

తర్వాత 5 నుంచి మళ్లీ 2కి వదులు చేశాం. 64కి తిరిగి వెళ్లలేదు, 45 దగ్గరే నిలిచింది. ఒకసారి నలిగిన శిఖరాలు నలిగే ఉంటాయి. ఇది మంచిదే కానీ దీనిలో ఒక మోసం కూడా ఉంది. నట్టు వదులైపోయినా కొంతకాలం కొలతలో బయటపడదు. గాలి, తేమ లోపలికి చేరాక ఒక్కసారిగా చెడుతుంది.

లింకు ముఖాన్ని సగం కోసి అదే టార్క్‌తో బిగిస్తే 41 నుంచి 43కి వెళ్లింది, అంతే. వెడల్పాటి లగ్ (కేబుల్ కొసకు తొడిగే లోహపు ముక్క) వేస్తే చాలు అనుకునేవారికి ఈ రెండు సంఖ్యలు చూపించాలని ఉంది. వెడల్పు వేడిని చల్లార్చడానికి పనికొస్తుంది. స్పర్శకు కావలసింది ఒత్తిడి.

ఇక గరుకు కాగితం పెట్టకుండా, గ్రీజు లేకుండా, అంగడి నుంచి తెచ్చినది తెచ్చినట్టు బిగించిన ముక్క 5 న్యూటన్ మీటర్ల దగ్గర కూడా 310 మైక్రోఓములు. కాశీబుగ్గలో మేం చూసిన “మామూలు” బిగింపులు అక్కడే ఉన్నాయి.

జూన్, రెండో వారం

సెల్ టెర్మినళ్ల పని. రెండు రోజులు అనుకున్నది ఎక్కువ పట్టింది, ఎందుకంటే ప్రతి ముఖాన్నీ తొందర లేకుండా చేయాలని పట్టుబట్టాను.

“అద్దంలా మెరిసేలా రుద్దితే ఇంకా మంచిది కదా మావయ్యా?” అని మేనల్లుడు అడిగాడు. కాదు. అద్దంలా నునుపైన ముఖాన్ని నొక్కితే ఆక్సైడు పొర ఉన్నది ఉన్నట్టే చదునుగా అణిగి కూర్చుంటుంది. సన్నటి గీతలున్న ముఖమైతే గీతల అంచులు నలిగి, పొర పగిలి, లోపలి లోహం బయటికి తోసుకొస్తుంది. చదును కావాలి, నునుపు అక్కరలేదు. అందుకే లింకులను గాజు పలక మీద గరుకు కాగితం పరిచి దాని మీద చదును చేశాం. తగరం పూత పోకుండా చాలా తేలిక చేత్తో, ఎత్తుగా ఉన్నచోట మాత్రమే. లింకుల రంధ్రాల చుట్టూ అచ్చులో కోసినప్పుడు లేచిన అంచు వేలికి తగులుతూ ఉంది. పెద్ద డ్రిల్ బిట్‌ను చేత్తో తిప్పి ఆ అంచు తీసేశాం. వెంట్రుకంత లేచిన అంచు ఉన్నా లింకు దాని మీద నిలబడిపోతుంది, మిగతా ముఖం గాలిలో ఉంటుంది.

అల్యూమినియం వైపు పని వేరు. అల్యూమినియం గీసిన మరుక్షణం నుంచే మళ్లీ ఆక్సైడు పట్టడం మొదలవుతుంది. పొర మందం కొన్ని నానోమీటర్లే, కానీ అది గట్టిది, కరెంటును రానివ్వదు. కాబట్టి ముందు గీసి, తుడిచి, తీరిగ్గా గ్రీజు రాయడంలో అర్థం లేదు. ముందే కాంటాక్ట్ గ్రీజు రాసి, ఆ గ్రీజు కిందనే స్టీలు తీగల బ్రష్షుతో గీయాలి. గీసిన లోహానికి గాలి తగలదు. నల్లబడిన గ్రీజును గుడ్డతో తుడిచి వెంటనే కొత్త గ్రీజు పలచగా రాసి లింకు పెట్టేయాలి. మేం వాడినది జింకు పొడి కలిసిన రకం. గ్రీజే కరెంటును మోస్తుందని కొందరు అనుకుని మందంగా పూస్తారు. మోసేది లోహమే. బిగించినప్పుడు శిఖరాల దగ్గర గ్రీజు పక్కకు తప్పుకుంటుంది, పల్లాల్లో నిలిచి తేమను అడ్డుకుంటుంది. అందులోని జింకు రేణువులు ఆక్సైడును గీరడానికి తోడ్పడతాయి. పక్క సెల్ వరకూ గ్రీజు కారకుండా చూసుకోవాలి.

తేమ మాట ఎందుకంటే, కాశీబుగ్గకు సముద్రం దూరం కాదు. ఉప్పుగాలి లోపలిదాకా వస్తుంది. రాగి, అల్యూమినియం కలిసిన చోట ఉప్పు తేమ చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది, అల్యూమినియం తినబడుతుంది. కొన్ని టెర్మినళ్ల అంచున తెల్లటి పొడి కనిపించింది, అదే గుర్తు. నేరుగా రాగి కాకుండా తగరం పూత ఉన్న రాగి వాడితే ఈ తేడా తగ్గుతుంది. తగరం మెత్తన కూడా, తేలిగ్గా నలిగి వైశాల్యం ఇస్తుంది. నికెల్ పూత లింకులు చూడటానికి అందంగా ఉంటాయి, తుప్పు పట్టవు, కానీ నికెల్ గట్టిది, అంతే నిరోధానికి ఎక్కువ బలం కావాలి. ఇంత చిన్న స్టడ్ మీద నేను తగరానికే మొగ్గుతాను.

ఇంకో సంగతి. బ్యాటరీ అలమరను పిక్కలు ఉడికించే గది గోడకు ఆనించి పెట్టారు. తలుపు తెరిచినప్పుడల్లా ఆవిరి నేరుగా దాని మీదికి వస్తుంది. అన్నయ్యతో చెప్పి ప్యాకింగ్ గది అవతలి మూలకు మార్పించాను. కేబుల్ పొడవు మారలేదు, ఎందుకంటే ఇన్వర్టర్‌ను కూడా దానితోపాటే జరిపాం.

వాషర్ల వరస: టెర్మినల్ మీద నేరుగా లింకు, లింకు మీద బీఎంఎస్ తీగ కొస, దాని మీద వెడల్పాటి చదును వాషర్, ఆపైన శంఖువు ఆకారపు స్ప్రింగు వాషర్, చివర నట్టు. కరెంటు ముఖాల మధ్య ఏ వాషరూ ఉండకూడదు. మామూలు గాటు స్ప్రింగు వాషర్‌ను నేను వాడలేదు. అది చాలా తక్కువ బలానికే పూర్తిగా అణిగిపోయి, ఆ తర్వాత మామూలు వాషర్‌లాగే ఉంటుంది. శంఖువు వాషర్ పూర్తి బలం దగ్గర కూడా ఊగిసలాడే వీలు ఉంచుకుంటుంది. అల్యూమినియం ఒత్తిడి కింద నెలల తరబడి మెల్లగా జారుతుంది. వేడికి ఉక్కుకంటే సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఇవి రెండూ బిగింపును తినేస్తాయి. ఆ తగ్గుదలను ఎవరో ఒకరు వెంటాడి నొక్కుతూ ఉండాలి, ఆ పని స్ప్రింగుది.

జూన్, మూడో వారం

ఈ వారం కేబుళ్లు, ఇన్వర్టర్ లోపలి పని.

బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు వెళ్లే లగ్‌లను సుత్తితో నలిపి, పైన టంకం పోసి ఉంచారు. ఒక లగ్‌ను అడ్డంగా రంపంతో కోసి మేనల్లుడికి చూపించాను. తీగపోగుల మధ్య ఖాళీలు, ఖాళీల్లో సగం టంకం. మంచి క్రింపింగులో అలా ఉండదు. సరైన డై పెట్టి హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కితే పోగులన్నీ ఒకదానికొకటి ఒత్తుకుని షడ్భుజాల్లా మారి, ఖాళీ లేకుండా, దాదాపు ఒకే ముద్దగా అయిపోతాయి. తేనెపట్టును కోసి చూసినట్టు ఉంటుంది. మా దగ్గర ప్రెస్ లేదు. శ్రీకాకుళంలో హెవీ కేబుళ్ల పని చేసే ఒకాయన దగ్గరికి కేబుళ్లు తీసుకెళ్లి చేయించాం. చేసినవాటిలో ఒక నమూనాను కోసి చూశాకే మిగతావి ఒప్పుకున్నాను. ఆయన ఏమీ అనుకోలేదు, పైగా తానే కోసి ఇచ్చారు.

టంకం మీద నాకు కోపం లేదు, బోర్డుల మీద అది లేకపోతే పని లేదు. కానీ నొక్కుడు ఉండే చోట టంకం పనికిరాదు. టంకం మెత్తటి మిశ్రమం, ఒత్తిడి పెడితే మామూలు గది వేడిలోనే మెల్లగా జారిపోతుంది. ఇన్వర్టర్ లోపల సరిగ్గా ఇదే కనిపించింది. ఏసీ వైపు స్క్రూ టెర్మినళ్లలోకి వెళ్లే తీగల కొసలకు చక్కగా టంకం పట్టించి బిగించారు. బిగించిన రోజు గట్టిగానే ఉండి ఉంటుంది. ఇప్పుడు స్క్రూకు అర చుట్టు వదులు వచ్చింది, ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారింది. ఆ కొసలు కోసేసి, ఫెరూల్ గొట్టాలు తొడిగి, క్రింప్ చేసి మళ్లీ బిగించాం.

డీసీ వైపు ఇన్వర్టర్ లోపల రాగి పట్టీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, 8 మిల్లీమీటర్ల బోల్టుతో కలిసి ఉన్నాయి. పట్టీ మందం 3 మిల్లీమీటర్లు, ఒకదానిపై ఒకటి ఎక్కిన పొడవు 25. అక్కడ నాకు మార్చాల్సింది ఏమీ కనిపించలేదు. పట్టీ మందానికి అయిదు రెట్లు పొడవున ఎక్కితే చాలు, ఆ తర్వాత పెంచినా కరెంటు ఎక్కువగా అంచుల దగ్గరే దాటుతుంది కాబట్టి పెద్దగా ప్రయోజనం ఉండదు. శుభ్రం చేసి, 20 న్యూటన్ మీటర్లకు బిగించి వదిలేశాం. ఉక్కు బోల్టు మీద అది 12,500 న్యూటన్ల బలం. మరకు నూనె తగిలితే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు బలం బాగా పెరిగిపోతుంది. అందుకే గ్రీజు రాసేటప్పుడు మరల మీద పడకుండా చూసుకున్నాం.

జూన్ చివర

అంతా కలిపి మళ్లీ అవే రాడ్లు, అవే 50 ఆంపియర్లు. 32 బిగింపులూ 1.8 నుంచి 2.4 మిల్లీవోల్టుల మధ్యకు వచ్చాయి. తొమ్మిదో సెల్ పాజిటివ్ 2.0. మొత్తం బిగింపుల్లో పోయే వోల్టేజీ ఇంతకుముందు అర వోల్టు దాకా ఉండేది, ఇప్పుడు 0.07 లోపు. ఒక్కో బిగింపు 40 మైక్రోఓములంటే 7 సెంటీమీటర్ల కేబుల్‌తో సమానం. ఇక్కడి నుంచి ఇంకా తగ్గించడానికి కష్టపడటంలో అర్థం లేదు.

వ్యాక్యూమ్ యంత్రాన్ని స్టార్ట్ చేయమని అన్నయ్యకే చెప్పాను. మోటారు లేచింది, లైట్లు కొంచెం కూడా మినుకుమనలేదు. బీఎంఎస్‌లో 16 సెల్స్ ఒక్కటిగా కిందికి దిగి ఒక్కటిగా పైకి లేచాయి. ప్యాకింగ్ బల్ల దగ్గర ఉన్న అక్కలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ప్రతిసారీ సగం మూసిన ప్యాకెట్లను మళ్లీ విప్పి నింపే పని వాళ్లదే కదా.

వేడి కొలవడానికి లేజర్ థర్మామీటర్ వాడుతున్నాం. మెరిసే లోహం మీద ఆ పరికరం చూపేది నమ్మకూడదు. మెరిసే రాగి తన వేడిని చాలా తక్కువగా వెలువరిస్తుంది, పైగా చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. 80 డిగ్రీల బిగింపు 35 అని చూపించినా ఆశ్చర్యం లేదు. అందుకే ప్రతి లింకు మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించాం. దాని మీదికి గురిపెడితే సరైన సంఖ్య వస్తుంది. గంటసేపు లోడు పెట్టాక గది కంటే 3 డిగ్రీలు మించి ఏ లింకూ లేదు.

ప్రతి నట్టు మీద, కింది లింకు మీదికి సాగేలా ఎర్ర రంగుతో ఒక గీత గీశాం. నట్టు తిరిగితే గీత విరుగుతుంది. కొలతల పట్టికను లామినేట్ చేయించి అలమర తలుపు లోపల అంటించాం. “తొమ్మిదో సెల్” అని చెప్పి వెళ్లినవారు మళ్లీ వచ్చినా ముందు ఆ కాగితం చదవాలి.

అక్టోబరు

తుపానుల కాలం కాబట్టి ఈ నెలలోనే మళ్లీ కొలవాలని ముందే అనుకున్నాం. వానాకాలమంతా గడిచింది, కరెంటు చాలాసార్లు పోయి వచ్చింది, బ్యాటరీ బాగా వాడుకలో ఉంది.

ఎర్ర గీతలన్నీ చెక్కుచెదరలేదు. 50 ఆంపియర్ల దగ్గర దాదాపు అన్నీ పాత సంఖ్యలే, ఒకట్రెండు చోట్ల 0.1 మిల్లీవోల్టు అటూ ఇటూ. అయితే నాలుగో సెల్ నెగెటివ్ 2.1 నుంచి 3.6కి పెరిగింది. ఇప్పటికైతే అది 72 మైక్రోఓములు, ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించదు. కానీ నట్టు కదలలేదు, సంఖ్య మాత్రం కదిలింది. ఎందుకో తెలియకుండా నేను వెళ్లలేను.

విప్పి చూస్తే లింకు ముఖం మీద తగరం పూత ఒక అంచున మాసి, బూడిద రంగు పొడి ఏర్పడింది. లింకును వదలగానే నాలుగు, అయిదు సెల్స్ మధ్య దూరం కొద్దిగా మారింది. చార్జీ నిండేటప్పుడు ఈ సెల్స్ కొంచెం ఉబ్బుతాయి, ఖాళీ అయ్యేటప్పుడు తగ్గుతాయి. ఆ కదలికను గట్టి రాగి లింకు నేరుగా స్టడ్ మీదికి నెడుతుంది. ముఖాలు ఒకదాని మీద ఒకటి మైక్రోమీటర్ల లెక్కన అటూ ఇటూ రాసుకుంటాయి. ప్రతి రాపిడికీ కొత్త తగరం బయటపడి ఆక్సైడు అవుతుంది, ఆ పొడి మధ్యలోనే చిక్కుకుంటుంది. ఇది నట్టు ఇంకొంచెం బిగిస్తే పోయే జబ్బు కాదు. అలమరలో సెల్స్‌ను పట్టి ఉంచే పక్క పలక ఆ చివర కొంచెం వదులుగా ఉంది. జూన్‌లో అలమరను జరిపినప్పుడు దాని బోల్టు పక్కకు పోయినట్టుంది.

పలకను సరిచేసి, ఆ చోట గట్టి లింకుకు బదులు పలచని రాగి రేకులు పేర్చి మధ్యలో వంపు ఇచ్చిన మెత్తటి లింకు వేశాం. దాని రెండు కొసలూ టంకం లేకుండా నొక్కి వెల్డ్ చేసి ఉంటాయి, రేకుల మధ్య విడివిడిగా బిగింపులు ఏర్పడవు. వంపు కదలికను తనలో కలిపేసుకుంటుంది, స్టడ్ దాకా రానివ్వదు. అల్యూమినియం ముఖాన్ని మళ్లీ గ్రీజు కింద గీసి, 5 న్యూటన్ మీటర్లకు బిగించాం. ఇప్పుడు 2.0.

మిగతా 14 లింకులు కూడా మెత్తటివే వేద్దామని అన్నయ్య అంటున్నారు. నాకూ అదే సరైనదనిపిస్తోంది. విశాఖపట్నం నుంచి తెప్పించాలి, వచ్చే నెల జీడి పని కాస్త తగ్గిన ఆదివారం చూసి మార్చాలి. పట్టికలో నాలుగో సెల్ వరసలో కొత్త సంఖ్య, పక్కన “మెత్తటి లింకు, అక్టోబరు” అని మేనల్లుడు రాశాడు.